పండిన బొంత గెల పారేయకండి: బూరెల పిండితో తియ్యటి అరటిపండు బజ్జీ



అరటికాయ బజ్జీ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. బొంత కాయని పల్చగా కోసి, ఉప్పు, కారం, వాము కలిపిన సెనగపిండిలో ముంచి నూనెలో వేస్తే, వాన పడే సాయంత్రం ఇంకేమీ అక్కర్లేదు. అదే బొంత కాయ పండిపోతే మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకోరు. బొంతని కాయగానే కొంటారు, కాయగానే వండుతారు. కోత కాస్త ఆలస్యమై గెలలో రెండు అత్తాలు పసుపు తిరిగాయంటే చాలు, వ్యాపారి ఆ గెలని పక్కన పెట్టేస్తాడు, లేదంటే సగం ధరకి అడుగుతాడు. చివరికి ఆ పండ్లు గొడ్ల ముందుకో, పెంటపోగు మీదికో పోతాయి.

ఆ పండిన బొంతతో తియ్యటి బజ్జీ వేసుకోవచ్చు. పైన ఉన్న వీడియో దాని గురించే. వీడియోలో చెప్పడానికి టైము చాలని విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మనం చేసే ఈ బజ్జీలో చక్కెర లేదు, మైదా లేదు, వంటసోడా లేదు. పైపిండి మన పూర్ణం బూరెలకి వాడే పిండే. తీపి అంతా పండులోంచే రావాలి. పండు సరిగ్గా మగ్గితే ఇంకేమీ కలపక్కర్లేదు. మగ్గకపోతే ఎన్ని యాలకులు వేసినా లోపల చప్పగానే ఉంటుంది. అందుకే పొయ్యి దగ్గరికి వెళ్లే ముందు తోట దగ్గర నుంచి మొదలుపెడదాం.

ఏ రకం పండు బాగుంటుంది

పండుని పిండిలో ముంచి వేయించడం మన దగ్గర తక్కువ గానీ, వేరే రాష్ట్రంలో, వేరే దేశాల్లో ఇది రోజువారీ తిండి. కేరళలో ఏ టీ కొట్టుకి వెళ్లినా గాజు పెట్టెలో పళంపొరి కనిపిస్తుంది. పండిన నేంద్రన్ అరటిని నిలువుగా చీల్చి, మైదా పిండిలో ముంచి వేయిస్తారు. కొన్ని చోట్ల దాన్నే ఏత్తక్క అప్పం అంటారు. ఇండోనేషియాలో పిసాంగ్ గోరెంగ్ అంటారు. ఫిలిప్పీన్స్‌లో మరుయా అంటారు.

వీళ్లందరి దగ్గరా ఒక పోలిక ఉంది. చేత్తో వలుచుకుని తినే మెత్తటి పండుని కాకుండా, కూరకి పనికొచ్చే గట్టి అరటినే పండించి వాడతారు. ఫిలిప్పీన్స్ వాళ్లది సబా, ఇండోనేషియా వాళ్లది ఎక్కువగా అదే జాతికి చెందిన కెపోక్. మన బొంత కూడా కూర అరటే. డిప్లొమాలో అరటి పాఠం చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, బొంత ఏబీబీ గుంపు, గ్రాండ్ నైన్ ఏఏఏ గుంపు. 'బీ' పాలు ఎక్కువ ఉన్న రకాల్లో కండ గట్టిగా, పిండి పదార్థం ఎక్కువగా ఉంటుంది.

దీని ప్రభావం మూకుట్లో కనిపిస్తుంది. పచ్చి అరటికాయలో 20 శాతం పైన ఉండే పిండి పదార్థం గ్రాండ్ నైన్ లాంటి రకాల్లో పూర్తిగా పండేసరికి 1-2 శాతానికి పడిపోతుంది, మిగతాదంతా చక్కెరగా మారిపోతుంది. తినడానికి అది బాగుంటుంది. వేడి నూనెలో వేస్తే మాత్రం గుజ్జయిపోయి పిండిలోంచి జారిపోతుంది. బొంత, నేంద్రన్ లాంటి వాటిలో పండిన తర్వాత కూడా కొంత పిండి మిగులుతుంది. అందుకే ముక్క ముక్కలాగే నిలబడి, లోపల మాత్రం హల్వాలా మెత్తబడుతుంది.

మన దగ్గర దొరికే రకాల్లో నా వరస ఇది. మొదట పండిన బొంత. తర్వాత నేంద్రన్, దొరికితే. మూడోది కర్పూర చక్కెరకేళి. పండు చిన్నదే గానీ కండ గట్టిగా ఉండి, చిన్న పులుపు తగిలి బాగుంటుంది. రెండుగా చీలిస్తే చాలు. అమృతపాణి వాసన బాగుంటుంది గానీ మరీ ముగ్గితే చిదిమిపోతుంది, కాస్త ముందే వాడాలి. గ్రాండ్ నైన్ తప్ప వేరేది లేకపోతే తొక్క పసుపు తిరిగి, కొసలు ఇంకా కొంచెం ఆకుపచ్చగా ఉన్నప్పుడే చక్రాల్లా మందంగా కోసి వేయండి. తీపి కాస్త తగ్గుతుంది, ముక్క మాత్రం నిలుస్తుంది.

గెల ఎప్పుడు కోయాలి

ఇక్కడే రైతుకి ఒక మంచి అవకాశం ఉంది. దూరం మార్కెట్‌కి పంపే గెలని ముప్పాతిక వంతు తయారైనప్పుడే కోస్తాం. రావులపాలెం మార్కెట్ నుంచి లారీ ఎక్కి ఒడిశాకో, ఇంకా పైకో వెళ్లే కాయ దారిలో పండిపోకూడదు కదా. ఆ కాయకి కోణాలు ఇంకా స్పష్టంగా తెలుస్తుంటాయి. పట్నంలో కొనుక్కునేవాళ్లకి దొరికేది అలా ముందే కోసి, తర్వాత గదుల్లో పండించిన పండే.

మనకి ఆ తొందర లేదు. ఇంటి వాడకానికి ఒక గెలని చెట్టు మీద ఇంకొన్ని రోజులు ఉంచుకోవచ్చు. కాయ కోణాలు పోయి గుండ్రంగా నిండాలి. కొసన ఉండే ఎండిన పూరేకు చెయ్యి తగిలితే రాలిపోవాలి. పైన అత్తంలో ఒక కాయ రంగు తిరగడం మొదలైతే ఇక ఆగకుండా కోసేయండి, లేకపోతే ఉడతలు, గబ్బిలాలు మనకంటే ముందు వస్తాయి. నిండుగా తయారైన కాయలో పిండి పదార్థం పూర్తిగా చేరి ఉంటుంది. పండాక చక్కెర అయ్యేది ఆ పిండే. ముందే కోసిన కాయని ఎంత మగ్గబెట్టినా ఆ తీపి రాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జీవామృతం వేశాం కాబట్టి మన పండు దానంతట అదే తియ్యగా ఉంటుందనుకోకండి. ఎంత బాగా పెంచిన తోటైనా లేత గెల కోస్తే పండు చప్పగానే ఉంటుంది. భూమికి మనం చేసిన సేవ రుచిలో కనిపించాలంటే గెల నిండేదాకా ఓపిక పట్టాలి.

మగ్గబెట్టడం

కోసిన గెలని అత్తాలుగా విడదీసి, పాలు కారడం ఆగేదాకా నీడలో పెట్టండి. తర్వాత ఒక బుట్టలోనో, చెక్కపెట్టెలోనో అడుగున ఎండు వరిగడ్డి పరిచి అత్తాలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పాలి. మధ్యలో బాగా పండిన అరటిపండు ఒకటో రెండో పెట్టండి. పండే పండు ఇథిలీన్ అనే వాయువుని వదులుతుంది, అది పక్క కాయల్ని కూడా పండిస్తుంది. మన పెద్దవాళ్లు మామిడికాయల్ని గడ్డిలో వేసినా, సపోటాల్ని బియ్యం డబ్బాలో పెట్టినా జరిగేది ఇదే. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో, చలికాలంలో ఇంకాస్త ఎక్కువ రోజుల్లో రంగు తిరుగుతుంది. రోజూ ఒకసారి గడ్డి తీసి చూడండి. తడి చేరితే బూజు పడుతుంది.

కాల్షియం కార్బైడ్ జోలికి ఎవరూ వెళ్లకండి. మన పాఠకులకి చెప్పక్కర్లేదు గానీ, బయట కొనే పండు విషయంలో ఇది తెలిసి ఉండాలి. కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు వస్తుంది, దానితో కాయ రంగు తిరుగుతుంది. ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం దీనితో పండ్లు పండించడం నిషేధం. ఇథిలీన్ వాయువుకి మాత్రం పరిమితి పెట్టి అనుమతి ఇచ్చారు. కార్బైడ్ పండుకి తొక్క నిమ్మపండులా పచ్చగా ఉండి, లోపల కండ పిండిగా, వగరుగా ఉంటుంది. అలాంటి పండుతో బజ్జీ వేస్తే తీపి కోసం పిండిలో చక్కెర పోయాల్సిందే.

పచ్చికాయల్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అరటి దెబ్బతింటుంది, తొక్క నల్లబడుతుంది, ఆ తర్వాత బయట పెట్టినా సరిగ్గా పండదు.

ఏ దశలో వాడాలి

ఒకే గెలలో అన్ని దశల పండ్లూ ఉంటాయి. మన ఇంట్లో వాటిని మూడు కుప్పలు చేసుకోవచ్చు.

తొక్క పసుపే, ఒక్క మచ్చ కూడా లేదు. నొక్కితే ఇంకా గట్టిగా ఉంది. దీన్ని రెండు రోజులు ఆపండి.

తొక్క మీద నల్ల మచ్చలు వచ్చాయి, వాసన గది అంతా వస్తోంది, వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి వస్తోంది. బజ్జీకి పండు ఇదే. బొంతకైతే తొక్క సగం దాకా నల్లబడ్డా పర్వాలేదు, లోపల కండ గట్టిగానే ఉంటుంది.

తొక్క మొత్తం నల్లబడింది, నొక్కితే వేలు దిగిపోతోంది. ఇది బజ్జీకి పనికిరాదు, పంచగవ్యకి పనికొస్తుంది. పంచగవ్యలో బాగా పండిన అరటిపండ్లు వేస్తాం కదా, అవే ఇవి. తొక్కలు ఆవుకి పెట్టండి, లేదా మొక్క మొదట్లో ఆచ్ఛాదనగా వేయండి. ఇలా చేస్తే గెలలో ఒక్క పండు కూడా వృథా కాదు.

పైపిండి

కొలత చాలా తేలిక. రెండు వంతుల బియ్యానికి ఒక వంతు మినప్పప్పు. మా ఇంట్లో బూరెలకి ఎప్పుడూ ఇదే లెక్క. వీడియోలో నేను ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు మినప్పప్పు తీసుకున్నాను. ఐదారు బొంత పండ్లకి, అంటే దాదాపు 30 ముక్కలకి అది సరిపోతుంది.

రెండింటినీ కడిగి నాలుగైదు గంటలు నానబెట్టండి. పొట్టు మినప్పప్పు అయితే నానాక చేత్తో పిసికి పొట్టు తీసేయండి. నవార, మాపిళ్లై సాంబ లాంటి ఎర్ర బియ్యం పండించేవాళ్లు వాటితో కూడా చేసుకోవచ్చు, కాకపోతే రాత్రంతా నానాలి. ఇంకొకటి, ఎర్ర బియ్యం పిండికి మొదటే రంగు ఉంటుంది కాబట్టి వేగిందా లేదా అనేది రంగు చూసి చెప్పలేం. గరిటెతో తట్టి చూసుకోవాలి.

రుబ్బేటప్పుడు నీళ్లు తక్కువ పోయండి. గ్రైండర్ అయినా, రోలు అయినా పిండి వెన్నలా మెత్తగా రావాలి. రవ్వరవ్వగా ఉంటే నూనెలో పేలుతుంది, నూనె కూడా ఎక్కువ పీలుస్తుంది. ఇడ్లీ పిండి కంటే కాస్త పల్చగా, దోసె పిండి కంటే చిక్కగా ఉండాలి. వేలు ముంచి తీస్తే గోరు కనపడకూడదు, పిండి బొట్లు బొట్లుగా కారిపోకూడదు.

దీన్ని పులియబెట్టొద్దు. రుబ్బిన అరగంటలో వాడేయాలి. పులిస్తే పుల్లటి వాసన పండు తీపిని చెడగొడుతుంది. వేసే ముందు చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, పావు చెంచా యాలకుల పొడి, ఒక చెంచా నువ్వులు కలపండి. ఉప్పు మానకండి, చిటికెడు ఉప్పుతోనే పండు తీపి పైకి తెలుస్తుంది.

బెల్లం వేయొచ్చా అని మీలో చాలామందికి అనిపిస్తుంది. వేయకపోవడమే మంచిది. పిండిలో తీపి ఉంటే పైభాగం తొందరగా మాడుతుంది, లోపల పచ్చిగా ఉండగానే ఎర్రబడిపోతుంది. కరకర కూడా తగ్గుతుంది. పిల్లలు ఇంకా తీపి కావాలంటే బెల్లం పాకం పల్చగా చేసి పక్కన గిన్నెలో పెట్టండి, అద్దుకుని తింటారు.

అప్పటికప్పుడు చుట్టాలు వస్తే నానబెట్టే టైము ఉండదు. అప్పుడు ఒక గ్లాసు బియ్యప్పిండి, ఒక గ్లాసు గోధుమపిండి కలిపి, నీళ్లు కొంచెం కొంచెంగా పోసుకుంటూ అదే చిక్కదనానికి తెచ్చి, పావుగంట ఆగి వేయండి. జొన్నపిండి, కొర్రపిండి కలపాలంటే మొత్తంలో మూడో వంతు దాటనివ్వకండి. వాటిలో జిగురు ఉండదు, ఎక్కువైతే పైపొర పగిలిపోతుంది. మినప్పప్పు పిండిలో కలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. సెనగపిండి మాత్రం వద్దు. దాని వాసన ముందు అరటిపండు నిలవదు. మన సెనగపిండి జీవామృతానికి, అరటికాయ బజ్జీకి ఉండనివ్వండి.

గానుగ నూనె వాడేవాళ్లకి

మనలో చాలామందిమి గానుగ వేరుశనగ నూనె, కోనసీమ వైపు వాళ్లయితే కొబ్బరి నూనె వాడతాం. రెండూ ఈ బజ్జీకి బాగుంటాయి. పళంపొరికి కేరళలో కొబ్బరి నూనె వాడడం మామూలే. అయితే గానుగ నూనె రిఫైన్డ్ నూనె లాంటిది కాదు. ముందే పొగ వస్తుంది, నురగ కూడా ఎక్కువ వస్తుంది. కాబట్టి మూడు జాగ్రత్తలు.

మొదటిది, డబ్బా కదపకుండా పైన తేరిన నూనెనే పోసుకోండి. అడుగు మడ్డి మూకుట్లో పడితే అది మాడి నూనె అంతా నల్లబడుతుంది. రెండోది, మూకుడు సగం కంటే ఎక్కువ నింపొద్దు. నురగ పొంగితే పొయ్యి మీద పడి మంట అంటుకుంటుంది. మూడోది, పొగ కనిపించే దాకా కాచొద్దు. పిండి చుక్క వేస్తే అడుగుకి వెళ్లి, రెండు మూడు సెకన్లలో పైకి తేలాలి. వేయగానే పైకి లేచి ఎర్రబడితే వేడి ఎక్కువైనట్టు. అడుగునే కూర్చుంటే ఇంకా కాగాలి.

వేసే పద్ధతి

పండ్లు ముందుగా వలిచి పెట్టొద్దు, నల్లబడతాయి. నూనె పొయ్యి మీద పెట్టాకే వలవండి. బొంత పండుని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని నిలువుగా మూడు పలకలు కోయండి. మందం చిటికెన వేలంత ఉండాలి. మరీ పల్చగా కోస్తే పండు రుచే తెలియదు, మందంగా కోస్తే లోపల వేడెక్కదు.

ఒక పళ్లెంలో రెండు చెంచాల పొడి బియ్యప్పిండి పరిచి, ముక్కల్ని అందులో ఒకసారి దొర్లించండి. పండు మీద జారుడు తగ్గి పిండి పట్టుకుంటుంది. తర్వాత పైపిండిలో ముంచి, గిన్నె అంచుకి ఒకసారి రాసి, నూనె మీదికి దగ్గరగా తెచ్చి మెల్లగా వదలండి. పై నుంచి పడేస్తే నూనె చేతి మీద చిందుతుంది.

ఒక వాయకి నాలుగైదు ముక్కలే వేయండి. మంట మధ్యస్థంగా ఉండాలి. మొదటి నిమిషం కదపకండి, పిండి గట్టిపడనివ్వండి. తర్వాత తిప్పుతూ మూడు నాలుగు నిమిషాలు వేయించండి. బుడగలు తగ్గి, రంగు బంగారు రంగుకి తిరిగి, గరిటెతో తడితే టక్‌మని చప్పుడు రావాలి. చిల్లుల గరిటెతో తీసి, తీగ జల్లెడ మీద వేయండి. గిన్నెలో ఒకదాని మీద ఒకటి వేస్తే ఆవిరికి మెత్తబడిపోతాయి. న్యూస్‌పేపర్ మీద అసలు వేయొద్దు. వేడి నూనెకి అచ్చు సిరా తిండిలోకి దిగుతుంది, దీని గురించి ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా హెచ్చరించింది. మన తోటలో అరటాకులకి కరువా? ఆకు ముక్క వేసి వడ్డించండి.

ఐదు నిమిషాలు ఆగి తినండి. లోపల పండు పైపిండి కంటే ఎక్కువ కాలుతూ ఉంటుంది, పిల్లలకి విరిచి ఇవ్వండి. పది పదిహేను నిమిషాల్లోపు తింటేనే కరకర ఉంటుంది. డబ్బాలో పెట్టి రేపటికి దాచుకునే వంట కాదు ఇది.

తేడా వస్తే ఎందుకు వస్తుంది

పిండి ఊడి నూనెలో తేలుతుంటే పండు తడిగా ఉంది, లేదా పిండి పల్చన. పొడి పిండిలో దొర్లించడం మానొద్దు.

నూనె బాగా పీలుస్తుంటే నూనె కాగలేదు, లేదా ఒకేసారి ఎక్కువ ముక్కలు వేశారు.

పైన గట్టిగా రాయిలా ఉంటే మినప్పప్పు తక్కువైంది. ఒక గుప్పెడు ఎక్కువ వేసి చూడండి.

లోపల వగరుగా ఉంటే వంటలో లోపం లేదు. పండు ఇంకా మగ్గలేదు. మిగిలినవి రెండు రోజులు ఆపండి.

ఇంకే పండ్లు వేయొచ్చు

పనస తొనలు బాగుంటాయి. తొన గట్టిగా ఉండే రకం కావాలి, జారుడు తొన పనికిరాదు. గింజ తీసి, తొనని రెండుగా చీల్చి ఇదే పిండిలో వేయండి. గింజలు పారేయకండి, ఉడకబెట్టి కూరకి వాడుకోవచ్చు. సీతంపేట ఏజెన్సీ అనాస దొరికితే మధ్య గట్టి భాగం తీసేసి చక్రాలు కోసి, గుడ్డతో బాగా తుడిచి, పొడి పిండి కాస్త ఎక్కువ అద్ది వేయండి. రసం పండు కాబట్టి నూనె చిందుతుంది, దూరంగా నిలబడాలి. మామిడిపండు ఈ వంటకి కుదరదు, అంత రసాన్ని పైపిండి ఆపలేదు. దాన్ని మామిడి తాండ్రకే ఉంచుదాం.

నూనె మిగిలితే

ఆ రోజే చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టండి. అడుగున మిగిలిన నల్లటి పిండి పలుకులు తీసేయకపోతే నూనె తొందరగా చెడిపోతుంది. వడకట్టిన నూనెని రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడేయండి. మళ్లీ మళ్లీ అదే నూనెలో వేపుళ్లు చేయొద్దు. నూనెని పదేపదే కాచితే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. ఇంట్లో మనం కొలవలేం గానీ, నూనె చిక్కబడటం, రంగు ముదరటం, కాచగానే పొగ రావటం, ఇవన్నీ చెడిపోయిన గుర్తులే. ఆ నూనెని నేల మీద పోయకండి. ఆచ్ఛాదన వేసి వానపాముల్ని బతికించుకునే నేల మీద మనమే నూనె పోయడం బాగోదు.

ఇది మందు కాదు, తీపి వంట

ఈ మధ్య ప్రతి వంటకీ 'ఆరోగ్యానికి మంచిది' అని తగిలిస్తున్నారు. ఈ బజ్జీకి నేను ఆ మాట అనను. మైదా, చక్కెర లేవు, నిజమే. గానుగ నూనె, మందులు కొట్టని పండు, అదీ నిజమే. అయినా ఇది నూనెలో వేగిన తీపి. షుగర్ ఉన్నవాళ్లకి పండిన అరటిలో ఉన్న చక్కెర చక్కెరే, అది ఏ పద్ధతిలో పండించినా. నెలకో రెండు నెలలకో ఒకసారి, గెల దిగిన రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని తినే తిండి ఇది. పిల్లలు రోజూ కొనుక్కునే రంగు ప్యాకెట్లకి బదులు, ఒక సాయంత్రం మన తోట పండు రుచి వాళ్ల నోటికి తగలడం ముఖ్యం. సొంత తోటలో కాసిన పండు రుచి తెలియని పిల్లలు రేపు ఆ తోటని ఎందుకు ఉంచుకుంటారు?

అమ్మాలనుకునేవాళ్లకి

వారాంతపు సంతల్లో, సేంద్రియ మేళాల్లో స్టాల్ పెట్టే మిత్రులకి ఈ బజ్జీ బాగా పనికొస్తుంది. కళ్ల ముందు వేడిగా వేస్తే జనం ఆగుతారు, బజ్జీ తిన్నవాళ్లు పండ్ల అత్తం కూడా కొంటారు. అయితే కొన్ని విషయాలు ముందే చూసుకోండి.

చిన్న స్టాల్ అయినా తిండి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి.

ధర వేసేటప్పుడు పండు మనదే కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి. ఆ పండు అమ్మితే వచ్చే ధర వేసుకోవాలి. నూనె ఎంత ఖర్చయిందో తెలియాలంటే మొదలుపెట్టే ముందు మూకుడుతో సహా తూకం వేయండి, అయిపోయాక మళ్లీ తూకం వేయండి. ఆ తేడాని ముక్కల సంఖ్యతో భాగిస్తే ఒక్కో బజ్జీ ఎంత నూనె తాగిందో తేలుతుంది. గానుగ నూనె ధర మీద ఈ లెక్క లేకుండా స్టాల్ పెడితే సాయంత్రానికి గల్లా నిండినట్టే ఉంటుంది గానీ చేతిలో ఏమీ మిగలదు.

బోర్డు మీద ఏం రాస్తున్నామో కూడా ఆలోచించాలి. 'ఆర్గానిక్' అని రాయాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్ ధ్రువీకరణ పద్ధతులు ఉన్నాయి. పండు ఒక్కటే మన తోటది, మినప్పప్పు, నూనె బజారులో కొన్నవి అయితే 'మా తోట అరటిపండుతో చేసిన బజ్జీ' అని రాయండి. 'ఆర్గానిక్ బజ్జీ' అని రాయొద్దు. సహజ వ్యవసాయానికి ఉన్న పెట్టుబడి కొనేవాళ్ల నమ్మకమే. పది రూపాయల బజ్జీ దగ్గర ఆ నమ్మకం పోగొట్టుకుంటే, రేపు క్వింటాళ్ల లెక్కన బియ్యం అమ్మేటప్పుడు మన మాట ఎవరు వింటారు?

ఈసారి బొంత గెల కోసేటప్పుడు ఒక పని చేయండి. మార్కెట్‌కి పంపే గెలలన్నీ పంపి, ఒక్క గెలని మాత్రం చెట్టుకే వదిలేయండి. కోణాలు పోయేదాకా ఆగి, గడ్డిలో మగ్గబెట్టి, మచ్చలు వచ్చాక ఈ బజ్జీ వేయండి. చక్కెర వేయకుండా తీపి ఎంత వచ్చిందో మీ ఇంట్లో వాళ్లనే అడగండి. మీ వైపు బొంతకి బదులు ఏ రకం వాడారో, ముక్క నిలిచిందో లేదో వీడియో కింద రాయండి. వచ్చే వీడియోలో అవే పండిన బొంతలతో ఎండు అరటి ముక్కలు ఎలా చేసుకోవాలో చూద్దాం.